చెప్పుకోలేని జబ్బుకు మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



మన వార్షికోత్సవ సంచికలో అంబేడ్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం తప్పకుండా ఉంటాయి. ఉండాలి కూడా. ఆరోగ్యం పేజీలో మాత్రం చేతులు కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం, దోమతెరలు కట్టుకోవడం తప్ప ఇంకేమీ కనిపించదు. హాస్టల్లో పద్నాలుగేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా వయసున్న పిల్లలం రాత్రి లైట్లు ఆర్పినాక గుసగుసలాడుకునే సంగతి ఒకటుంది. దాన్ని ఎవరూ రాయరు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ ఊరి బస్టాండు గోడ చూసినా గుప్తరోగాల వైద్యుని పోస్టరు ఉంటుంది. మనకు ఆ విషయంలో దొరికే ఏకైక పాఠ్యపుస్తకం ఆ పోస్టరే అయిపోయింది. అందుకే ఈసారి ఒక మహనీయుని జీవితం, ఆ జబ్బుల సంగతి కలిపి రాస్తున్నాను. ఆ రెంటికీ సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రికి ఆరోగ్యం సరిగా లేక ఇల్లు గడవడం కష్టమయ్యేది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ల వయసులో ఈ కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఆయన ఆలోచన. దారిలోనే పట్టుకొచ్చి మళ్లీ బడిలో వేశారు. చదువులో వెలిగిపోయాడా అంటే అదీ లేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి పాసయ్యాడు. ఈ మధ్యలోనే తండ్రి చనిపోయాడు. తల్లి నగలు అమ్మి చదివించిందని చెబుతారు. పదో తరగతి తప్పి హాస్టల్ నుంచి ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన తమ్ముళ్లు ఎవరైనా ఈ సంచిక చూస్తే ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అయింది. సన్యాసులలో కలిసిపోవాలని రామకృష్ణ మఠానికి వెళ్తే, వైద్యం చదివి సేవ చేయమని అక్కడి పెద్దలు తిప్పి పంపారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకు స్నేహితులు సాయపడ్డారు. తరువాత కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి ఆదుకున్నాడు. ఆయన కూతురు శేషగిరినే 1919లో సుబ్బారావు పెళ్లి చేసుకున్నాడు. అవి గాంధీగారి ఖద్దరు రోజులు. సుబ్బారావు ఖద్దరుతో కుట్టిన ఆపరేషన్ గౌను వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్లాడు. తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పుకుంటూ కాలం గడిపాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములు ఇద్దరు చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం పలచబడి, మనిషి ఎండిపోయే జబ్బు అది. డాక్టరు చదువు చదివి కూడా అన్నదమ్ములను కాపాడుకోలేకపోయాడు, ఎందుకంటే అప్పటికి దానికి మందే లేదు. రోగికి మందు రాసిచ్చే డాక్టరు కావడం కంటే లేని మందును తయారు చేసే పనిలోకి ఆయన మనసు మళ్లింది అప్పుడేనని నా నమ్మకం.

1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ దగ్గరి మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరాడు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయన పేదవాడే గానీ ఊరవతల పుట్టినవాడు కాదు. మఠం తలుపు, మామగారి తలుపు, ధర్మసంస్థ తలుపు ఆయన తడితే తెరుచుకున్నాయి. మన తాతలకు ఆ తలుపుల దగ్గరికి పోయే దారే లేదు. ఆ తేడా మరిచిపోకుండానే ఆయన కష్టాన్ని గౌరవించవచ్చు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశాడు. డిగ్రీ గుర్తింపు లేక డాక్టరుగా పనిచేయడం కుదరక, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశాడు. అంటే రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, మంచాలు సర్దే పని. పగలు ప్రయోగశాలకు వెళ్లేవాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతోనే తరతరాల విద్యార్థుల పుస్తకాల్లోకి ఎక్కింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మీ సైన్సు పుస్తకంలో జీవకణానికి శక్తి నాణెం అని చదివే ఏటీపీ అదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధనకంతా అధిపతి అయ్యాడు. ఆ తరువాతి ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని చూస్తే నలుగురు మనుషుల జీవితకాలానికి సరిపోతుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది పనిచేసింది. మన అంగన్‌వాడీలో గర్భిణులకు, మన హాస్టల్లో ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చాయి. వాటిలో మొదటిదానితో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు తొలిసారి ఉపశమనం చూపించాడు. బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాలదే. ఏడాదికోసారి ఆశా అక్క ఇంటింటికీ తిరిగి దగ్గర నిలబడి మింగించే బోదకాలు మాత్రలలో అది ఒకటి.

ఇవన్నీ వేరే సంచికల్లో ఎవరో ఒకరు రాస్తారు. నేను ఆగదలచుకున్నది ఆరియోమైసిన్ దగ్గర.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిలిన్ వచ్చింది. సిఫిలిస్‌ను, అంటే మన పెద్దవాళ్లు సవాయి రోగం అనేదాన్ని, పెన్సిలిన్ నయం చేస్తుందని 1943లో తేలింది. కానీ పెన్సిలిన్‌కు లొంగని జబ్బులు చాలా మిగిలిపోయాయి. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి కొత్త మందు వెతకడానికి సుబ్బారావు కాలంలో లెడర్లీలోకి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చాడు. అప్పటికే ఆయన డెబ్బై దాటి విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన మనిషి. ఊరూరి నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. అది వదిలే పసుపు పదార్థమే ఆరియోమైసిన్. లాటిన్‌లో బంగారానికి ఉన్న పేరు మీదుగా ఆ పేరు పెట్టారు.

మందు దొరికింది సరే, మనుషుల మీద ముందుగా వాడి చూసింది ఎవరు? న్యూయార్క్‌లో నల్లవాళ్లు నివసించే హార్లెం ప్రాంతపు ఆసుపత్రిలో డాక్టర్ లూయీ రైట్. ఆయనా నల్లజాతి డాక్టరే. హార్వర్డ్‌లో చదివేటప్పుడు, తెల్ల స్త్రీల కాన్పులు నల్ల విద్యార్థి చేయకూడదని పక్కన పెట్టబోతే ఎదిరించి నిలబడి గెలిచాడు. 1919లో హార్లెం ఆసుపత్రిలో చేరినప్పుడు, నల్లవాణ్ణి చేర్చుకున్నారని కొందరు తెల్ల డాక్టర్లు రాజీనామా చేసి వెళ్లిపోయారు. మన అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఆ ఆసుపత్రికి నడిచి వెళ్లవచ్చు. ఈ సంగతి మన సంచిక చదివేవారికి చెప్పకుండా ఉండలేకపోయాను.

డాక్టర్ రైట్ 1948లో ఆ కొత్త మందు ఇచ్చింది లింఫోగ్రాన్యులోమా వెనీరియం అనే లైంగిక వ్యాధి ఉన్నవాళ్లకు. నోరు తిరగని పేరు, కానీ జబ్బు అర్థం కానిదేమీ కాదు. కలిసిన కొన్నాళ్లకు మర్మాంగం మీద చిన్న పొక్కు వస్తుంది. నొప్పి ఉండదు, దానంతట అదే మానిపోతుంది. పోయిందిలే అనుకుంటారు. కొన్ని వారాలకు గజ్జల్లో బిళ్లలు కట్టి, వాచి, చీము పట్టి పగులుతాయి. అప్పటికీ వదిలేస్తే ఏళ్ల తరబడి లోలోపల తిని మలద్వారం దారి మూసుకుపోయే దాకా వస్తుంది.  రైట్ బృందం మొదట 25 మందికి ఆరియోమైసిన్ ఇచ్చి, నయమైన వైనాన్ని అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రకటించింది. ఆ జబ్బు వైరస్ వల్ల వస్తుందని అప్పట్లో అనుకున్నారు. క్లమీడియా అనే బాక్టీరియా వల్ల అని తరువాత తేలింది.

అదే అమెరికాలో, అవే రోజుల్లో, టస్కీగీ అనే చోట సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది పేద నల్ల కూలీలకు మందు ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు ప్రభుత్వ డాక్టర్లు. 1932లో మొదలైన ఆ ఘోరం 1972 దాకా సాగింది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. సుఖవ్యాధి పేదవాడికి వస్తే అది జబ్బుగా కాక వాడి గుణంగా కనబడటం ఒక్క మన ఊళ్ల సంగతే కాదు. రైట్ తన హార్లెం రోగులను రోగులుగా చూశాడు. నాకు ఆ మందు కంటే అదే గొప్పగా అనిపిస్తుంది.

ఆరియోమైసిన్‌ను 1948 జూలైలో శాస్త్రవేత్తల సభలో ప్రకటించారు. సుబ్బారావు మరుసటి నెల ఆగస్టులోనే నిద్రలో గుండె ఆగి చనిపోయాడు. వయసు 53. ఓడెక్కినవాడు మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసివాడుగానే పోయాడు. శేషగిరి భర్తను మళ్లీ చూడనే లేదు. మహనీయుల జీవితాల్లో ఇలాంటి వాక్యాలను మనం తొందరగా దాటేస్తాం. దేశానికి త్యాగం అనేస్తాం. ఆ త్యాగంలో సగం ఆమెది, ఆమెను ఎవరూ అడిగి చేయించినది కాదు. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఒక బిళ్ల వేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయాక ఆ పసుపు మందుకు పిల్లలు పుట్టాయి. ఆరియోమైసిన్ నుంచి క్లోరిన్ తీసేస్తే టెట్రాసైక్లిన్ వచ్చింది. కళ్లకలకకు పెట్టే పసుపు ఆయింట్‌మెంటు మన తాతమ్మల కాలం నుంచీ ఇళ్లల్లో ఉంది కదా, అది ఇదే. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం మెడికల్ షాపుల ముందు ఎగబడింది కూడా దీనికోసమే. 1967లో డాక్సీసైక్లిన్ బజారులోకి వచ్చింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తన మూడో దశ కార్యక్రమంలో (2007–2012) సుఖవ్యాధులకు రంగురంగుల కిట్లు ప్రవేశపెట్టింది. ఏ లక్షణానికి ఏ రంగో డాక్టరుకు, నర్సుకు వెంటనే తెలియాలని ఆ ఏర్పాటు. అందులో నల్ల కిట్టు గజ్జల్లో బిళ్లలకు. దానిలో ఉన్నది డాక్సీసైక్లిన్, ఒక అజిత్రోమైసిన్. అంటే హార్లెంలో 25 మందికి నయమైన జబ్బుకు, ఆ మందు వంశంలోని మందే, మన జిల్లా ఆసుపత్రుల దాకా ఉచితంగా వచ్చింది.

ఇక్కడ కొంచెం జాగ్రత్త. గజ్జల్లో బిళ్ల కట్టిన ప్రతివాడికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా, పుండు పడినా బిళ్ల కడుతుంది. పత్తి చేన్లలో చెప్పులు లేకుండా తిరిగిన మనకు అది తెలిసినదే. అలాగే మగపిల్లలకు నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు, నరాల బలహీనత కాదు, దానికి ఏ మందూ అక్కర్లేదు. గోడ పోస్టర్ల వైద్యులు సగం బతికేది ఈ ఒక్క భయం మీదనే. మా కాలంలో మెస్ బిల్లు డబ్బులు, బస్ పాస్ డబ్బులు వాళ్లకు పోసి వచ్చిన అన్నలు ఉన్నారు. ఆడపిల్లలకు కొంచెం తెల్లబట్ట కావడం మామూలే. దురద, చెడువాసన, రంగు మారడం, పొత్తికడుపు నొప్పి ఉంటేనే చూపించుకోవాలి. చూపించుకుంటే పెళ్లికాని పిల్లకు ఇదేమిటని నలుగురూ అనుకుంటారని ఊరుకోవద్దు. కలయికతో సంబంధం లేకుండా కూడా ఆ ఇబ్బందులు వస్తాయి.

నిజంగా లైంగికంగా సోకే జబ్బుల సంగతి వేరు. మూత్రంలో మంట, చీము కారడం, మర్మాంగం మీద పుండు, పొక్కులు. వీటిలో మోసకారి ఏదంటే సిఫిలిస్. పుండు నొప్పి లేకుండా వచ్చి, కొన్ని వారాల్లో తానే మాయమవుతుంది, జబ్బు మాత్రం రక్తంలో ఉండిపోతుంది. క్లమీడియా ఇంకా నిశ్శబ్దం. ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనబడదు, ఏళ్ల తరువాత పిల్లలు కలగనప్పుడు బయటపడుతుంది. హెచ్ఐవి అయితే ఏళ్ల తరబడి మనిషి చూడటానికి బాగానే ఉంటాడు. పుండు ఉన్నవాళ్లకు హెచ్ఐవి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టే రెండు పరీక్షలూ ఒకేసారి చేస్తారు. కండోమ్ సరిగా వాడితే హెచ్ఐవి, సెగరోగం, క్లమీడియా చాలావరకు ఆగుతాయి. పుండు అది కప్పని చోట ఉంటే మాత్రం పూర్తి రక్షణ ఉండదు.

మెడికల్ షాపులో అడిగి డాక్సీసైక్లిన్ కొనుక్కుని మింగడం ఈ వ్యాసం చదివినవారెవరూ చేయకూడదు. సిఫిలిస్‌కు ముందు మందు ఇప్పటికీ పెన్సిలిన్ ఇంజెక్షనే. సెగరోగం పాత మందులకు చాలావరకు లొంగడం మానేసింది, టెట్రాసైక్లిన్ కూడా అందులో ఉంది. నాలుగు గోలీలు మింగి తగ్గిందని ఆపేసేవాళ్ల వల్లే మందులకు ఆ గతి పట్టింది. పైగా జంటలో ఒక్కరే వాడితే లాభం లేదు, ఇద్దరూ వాడాలి.

ఎక్కడికి పోవాలి? ఒకప్పుడు ఏ పెద్ద జబ్బు వచ్చినా మనకు వరంగల్ ఎంజీఎం ఒక్కటే దారి. 2016లో జిల్లాలు విడిపోయాక, మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. జిల్లా ఆసుపత్రిలో ఐసీటీసీ అని రాసిన గది అడగండి. హెచ్ఐవి పరీక్ష ఉచితం. 2018లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. పద్దెనిమిది నిండనివారి తరఫున ఆ ఒప్పుకోలు తల్లిదండ్రులో సంరక్షకులో ఇవ్వాలి. వచ్చిందని తేలినా మందులు ఉచితంగా 2004 నుంచి ఇస్తున్నారు, క్రమంగా వాడేవారు మామూలుగా బతుకుతున్నారు. మనిషి ఎదురుగా అడగలేకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

చివరి సంగతి చిన్న తరగతుల వారికి. ఈ జబ్బు ఒక పిల్లవాడికో పిల్లకో వచ్చిందంటే, ఎవరో పెద్దవాళ్లు వాళ్లతో తప్పుగా ప్రవర్తించి ఉండవచ్చు. అది హాస్టల్లో కావచ్చు, బంధువుల ఇంట్లో కావచ్చు, ఊళ్లో కావచ్చు. నేరం ఆ పిల్లలది కాదు. 2012 చట్టం వాళ్ల పక్షాన ఉంది. 1098 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఆ నంబరును నోటీసు బోర్డు మీద మెనూ చార్టు పక్కన పెద్ద అక్షరాలతో రాయించమని వార్డెన్ సారును, మేడమ్‌ను కోరుతున్నాను.

— ఒక పూర్వ విద్యార్థి
మహబూబాబాద్ జిల్లా